ఆరువందల పడకల ఆసుపత్రి

మధ్యాహ్నం రెండు గంటలకి వెబ్‌సైట్ మూసేస్తారు. ఆలోపు ఏదో ఒక మెడికల్ కాలేజీ మీద నొక్కి లాక్ చెయ్యాలి. ఒకసారి లాక్ చేశాక దేవుడు దిగొచ్చినా మార్చడం కుదరదు.

అక్క ఫోన్‌లో టైం చూసింది. తొమ్మిదిన్నర.

చెల్లి ముందు రెండే కాలేజీలున్నాయి. ఒకటి పాతది, పేరున్నది. కానీ రైల్లో ఒకటిన్నర రోజు ప్రయాణం. రెండోది కొత్తది, ఇంటినుంచి బస్సులో మూడు గంటలు. అమ్మకి చూపు సగం పోయింది. గ్యాస్ ఆర్పిందో లేదో తడుముకుని చూసుకునే స్థితి. అందుకే అక్క మనసు కొత్త కాలేజీ వైపే ఉంది. చెల్లి మనసు ఎటుందో చెల్లి చెప్పలేదు.

చెల్లికి ఇది మూడోసారి. మెడికల్ ఎంట్రన్స్ పరీక్ష మూడుసార్లకి మించి రాయనివ్వరు. మొదటిసారి పదకొండు మార్కుల్లో పోయింది. రెండోసారి నాలుగు మార్కుల్లో పోయింది. ఆ నాలుగు మార్కులకి చెల్లి పది రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోసారి సీటు కొట్టింది. లాక్ చేసిన సీటు ఏ కారణంగా పోయినా ఇంకో సీటు ఇవ్వరని రూలు. అంటే ఇవాళ తప్పు చేస్తే చెల్లి ఈ జన్మకి డాక్టర్ కాదు.

"కాలేజీ చూద్దాం, దగ్గర్లో గది చూద్దాం. రెండూ బాగుంటే ఇక్కడే నొక్కేద్దాం" అంది అక్క.

"గది బాగుండి కాలేజీ బాగోకపోతే?"

"గదిలో కూర్చుని చదువుకో."

చెల్లి నవ్వింది. పొద్దుట్నుంచి అదే మొదటి నవ్వు.

* * *

కాలేజీ గోడకి ఆనుకుని మూడంతస్తుల ఇల్లుంది. గేటు మీద 'గదులు అద్దెకు' అని బోర్డు. ఇంటావిడ యాభై దాటిన మనిషి. నడుముకి తాళాల గుత్తి, చెవి దగ్గర ఫోను. ఒక చెవితో ఫోన్‌లో మాట వింటూ, ఇంకో చెవితో వీళ్ళ మాట వింటూ, రెండింటికీ సరిగ్గానే జవాబిచ్చింది.

మూడో అంతస్తులో మూల గది చూపించింది. కిటికీ, మంచం, బల్ల, గోడకి నాలుగు కొక్కేలు. చెల్లి బల్ల మీద రెండు మోచేతులూ ఆనించి చూసుకుంది. పుస్తకం తెరిస్తే ఎంత చోటు పడుతుందో కొలుచుకోవడం అది.

"ఈ గదికి ఆరుగురు అడిగారమ్మా. నీ మొహం చూసి ఆపాను" అంది ఇంటావిడ.

"నా మొహం ఇప్పుడేగా చూశారు ఆంటీ?"

"చూశాక ఆపేశాన్లే."

అక్క అప్పటికే డాబా మీదకి వెళ్ళింది. అక్కడ తీగల నిండా బట్టలు. తెల్ల దుప్పట్లు, లేత ఆకుపచ్చ గౌనులు. వందకి పైనే ఉంటాయి. ఒక్కదాని మీదా ఇంటి బట్టల రంగు లేదు.

అక్క పనిచేసేది వాళ్ళ ఊరి పెద్దాసుపత్రి లాండ్రీలో. పదకొండేళ్ళయింది. ఇప్పుడు షిఫ్టు ఇన్‌చార్జి. రోజుకి రెండువేల దుప్పట్లు ఆమె చేతుల మీదుగా పోతాయి. రక్తం మరకకి చల్లనీళ్ళే వాడాలని, అయోడిన్ మరక ఎన్నిసార్లు ఉతికినా పసుపు నీడ వదిలి పోతుందని, పుళ్ళున్న మనిషి పడుకున్న దుప్పటిని మడత మీదే గుర్తుపట్టొచ్చని ఆమెకి తెలుసు. ఆసుపత్రి ఎలాంటిదో డాక్టర్ని చూసి కాదు, దుప్పటిని చూసి చెప్పగలనని ఆమె గర్వం.

ఒక దుప్పటి పట్టుకుని ఎండకి చాపింది. మరక లేదు. ఇంకోటి చూసింది. లేదు. పసుపు నీడ కూడా లేదు.

"ఆసుపత్రి బట్టలు మీరే ఉతుకుతారా?" వెనకే వచ్చిన ఇంటావిడని ఆశ్చర్యంగా అడిగింది.

"మేమే. వాళ్ళకి మేము, మాకు వాళ్ళు."

"ఏం వేస్తారు వీటికి?"

"ఏముంది, మామూలు సబ్బే."

పని గుట్టు ఎవరు చెప్తారులే అనుకుంది అక్క. తన చేతికింద పదిహేను మంది ఉన్నారు. పెద్ద పెద్ద యంత్రాలున్నాయి. అయినా ఇంత తెల్లగా ఒక్కరోజు తియ్యలేకపోయింది. దుప్పట్లని ఇంత శ్రద్ధగా చూసే ఆసుపత్రి మనుషుల్ని ఎంత శ్రద్ధగా చూస్తుందో! అక్కడే, ఆ తీగ కిందే, ఆమె మనసులో సగం నిర్ణయం అయిపోయింది.

పదకొండేళ్ళ అనుభవంలో అంత పెద్ద తప్పు ఆమె ఎప్పుడూ చెయ్యలేదు.

* * *

ఇంటావిడ ఫోన్ మోగింది. అవతలివాళ్ళు ఏం చెప్పారో గానీ ఆమె మొహం మారిపోయింది.

"ఇవాళా? వచ్చే వారమన్నారు కదండీ! ఎన్ని గంటలకి? ...సరే, సరే, పంపిస్తున్నా."

ఫోన్ పెట్టేసి, మెట్ల దగ్గరున్న ఇనప కమ్మీని తాళాల గుత్తితో టంగుటంగున కొట్టింది. తలుపులు తెరుచుకున్నాయి. ఒక్కో గదిలోంచి ఇద్దరు ముగ్గురు బయటికొచ్చారు. ముసలివాళ్ళు, నడివయసు ఆడవాళ్ళు, కర్ర పట్టుకున్నవాళ్ళు. స్టూడెంట్లు అనదగ్గవాళ్ళు నలుగురో ఐదుగురో. ఎవరూ ఏమీ అడగలేదు. తీగల మీద గౌనులు లాక్కుని, భుజాన వేసుకుని, మెట్లు దిగిపోయారు.

"ఏంటి ఆంటీ ఇది?" అంది చెల్లి.

"ఇన్‌స్పెక్షనమ్మా. సెలవుల రోజులు కదా, పేషెంట్లు కాస్త పల్చబడ్డారు. ఇరవై మంచాలు ఖాళీగా ఉన్నాయట. ఖాళీ మంచం కనిపిస్తే పైవాళ్ళు ఊరుకోరు. రెండు గంటలు పడుకుని లేచి రావడమే. అన్ని కాలేజీల్లోనూ ఉండేదే." కాస్త ఆగి, "నువ్వూ వస్తావా? వస్తే గది నీది. అద్దె సగం. నీ కాలేజీ లోపల్నించి చూసినట్టూ ఉంటుంది" అంది.

"అబద్ధం పేషెంటుగానా?" అంది అక్క.

"నువ్వు అటెండరుగా రా. పేషెంటు పక్కన మనిషి లేకపోతే నాటకంలా ఉంటుంది."

చెల్లి అక్క వైపు చూసింది. ఆ కళ్ళలో భయం లేదు. వార్డు చూడాలన్న ఆత్రం ఉంది. అక్క టైం చూసింది. పదిన్నర. లాక్ చెయ్యడానికి ఇంకా మూడున్నర గంటలు.

"పద. రెండు గంటలేగా!"

* * *

ఆసుపత్రి మూడో అంతస్తులో మగ, ఆడ తేడా లేని పెద్ద వార్డు. అరవై మంచాలు. మంచానికీ మంచానికీ మధ్య తెరలు. ప్రతి మంచం కాళ్ళ దగ్గరా అట్ట, అట్టకి కేస్ షీటు. మంచాలన్నీ నిండి ఉన్నాయి. సెలైన్ స్టాండ్లు, అటెండర్ల సంచులు, నీళ్ళ సీసాలు. చెల్లికి కిటికీ పక్క మంచం ఇచ్చారు. గౌను తొడుక్కుని దుప్పట్లోకి దూరి తన కేస్ షీటు అందుకుంది.

"అక్కా, నాకు టైఫాయిడ్. నూటనాలుగు జ్వరం."

"మూలుగు మరి."

"జ్వరానికి మూలగరమ్మడూ, పడుంటారంతే" అన్నాడు పక్క మంచం మీది పెద్దాయన. "మూలుగు కావాలంటే కిడ్నీలో రాయి అడగాల్సింది."

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇంటావిడ ఇంట్లోనే కింద గదిలో ఉంటాడు. అందరూ ఆయన్ని కండక్టర్ తాతయ్య అంటారు. నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్నానని గొప్పగా చెప్పుకున్నాడు.

"నాకు రెండు గుండెపోట్లు, మూడు కామెర్లు, ఒక పక్షవాతం వచ్చాయి. ఒకసారి పొరపాటున ప్రసూతి వార్డులోకి పంపారు. ఇంకో ఐదు నిమిషాలాగితే కనేవాణ్ణి."

చెల్లి దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వింది. "ఇవాళేంటి తాతయ్యా మీకు?"

ఆయన అట్ట చేత్తో తీసి దూరంగా పట్టుకుని చదివాడు. "ఊపిరితిత్తుల్లో నిమ్ము. మంచి రోగమే. దగ్గితే చాలు."

వార్డు ఆ చివర్నించి ఈ చివరిదాకా చూసింది అక్క. మంచాలు నిండుగా, దుప్పట్లు తెల్లగా. ఇరవై మంది అబద్ధం అనుకున్నా మిగతా వాళ్ళంతా నిజమే కదా!

"ఏమంటావ్?" అని చెల్లిని అడిగింది.

"పాతదానికి పేరుందక్కా. కానీ ఇంతమంది పేషెంట్లున్నచోట ఎంత నేర్చుకోవచ్చో! అమ్మని ఆదివారం ఆదివారం చూసి పోవచ్చు." దుప్పటి మడత వేలికి చుట్టుకుంది. "నువ్వేమంటావ్?"

"నేనైతే ఇక్కడే అంటాను."

"అయితే నొక్కు."

పదకొండూ నలభైకి అక్క నొక్కింది. 'ఖాయం చేయాలా?' అని అడిగింది ఫోను. మళ్ళీ నొక్కింది. పచ్చ గుర్తు వచ్చింది. మూడేళ్ళ బరువు దిగినట్టయింది. చెల్లి కళ్ళు తుడుచుకుంది. అక్క ఇంటావిడకి ఫోన్ చేసి, మూడోసారికి సీటొచ్చిందని, ఇక్కడే లాక్ చేశామని, గది ఖాయమని చెప్పింది.

"ఏంటమ్మడూ, శుభవార్తా?" అన్నాడు కండక్టర్.

"సీటు లాక్ చేశాం తాతయ్యా. ఈ కాలేజీలోనే చేరుతున్నా."

ఆయన మొహంలో నవ్వు అలాగే ఉండిపోయి, మెల్లగా ఆరిపోయింది.

"చేసేశారా?"

"ఇప్పుడే."

"అయ్యో తల్లీ! నన్నొక మాట అడగాల్సింది."

"ఏం?" అంది అక్క.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఈ వార్డులో రోగమున్నవాడు ఒక్కడు లేడు. కింది వార్డులోనూ లేడు. ఆరువందల మంచాలకీ ఆరువందల మందిమీ మేమే. మా వీధి, వెనకవీధి, బస్టాండు అవతల వీధి. డాక్టర్లు కూడా ఇవాళ్టికే వస్తారు, విమానంలో. సాయంత్రం ఎవరి దారి వారిది. రేపొచ్చి చూస్తే ఇక్కడ పావురాలుంటాయి."

అక్క వంగి చెల్లి మంచం మీది దుప్పటి కొస ఎత్తింది. పరుపుకి ఫ్యాక్టరీ ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. నాలుగేళ్ళ ఆసుపత్రిలో పరుపు కవరు చింపలేదు!

డాబా మీది దుప్పట్లు కళ్ళముందుకొచ్చాయి. మరక లేకపోవడం ఉతికినవాళ్ళ గొప్ప కాదు. ఆ దుప్పట్ల మీద ఒక్క రోగీ ఎప్పుడూ పడుకోలేదు. రక్తం కారలేదు. వాంతి కాలేదు. ఎవరూ చావలేదు, ఎవరూ బతకలేదు. పదకొండేళ్ళు మరకల్లో బతికిన మనిషి ఈ సంగతి మొదటి చూపులోనే పట్టాల్సింది. పట్టకపోగా మెచ్చుకుంది!

"అక్కా, మార్చలేమా?" అంది చెల్లి.

"మార్చలేం."

"అయితే ఐదేళ్ళు ఇక్కడ..."

"ఏదో ఒకటి చేద్దాం. పుస్తకాలైతే ఉంటాయిగా!" అంది అక్క. ఆ మాట తనకే రోతగా వినిపించింది.

* * *

పన్నెండు దాటాక నర్సు ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. కొత్తమ్మాయి. ఏజెన్సీ నుంచి ఇవాళ్టికి పంపారని ఆమె తొందర చూస్తేనే తెలుస్తోంది. మంచం దగ్గర ఆగడం, కేస్ షీటు చదవడం, అందులో ఉన్నది చెయ్యడం. చక్కగా నేర్చుకున్న పని. ఆ కేస్ షీట్లు ఎక్కడివో, వేరే ఆసుపత్రుల పాత రోగుల కాగితాల మీద పేర్లు మార్చి తెచ్చారని, ఆమెకి ఎవరూ చెప్పలేదు.

కండక్టర్ అక్కకి కన్ను కొట్టాడు. "చూడు, ఇప్పుడు సూది ఇస్తారు. ఉత్త నీళ్ళే. చెయ్యి చాపి ఊరుకోవాలి. ఏం మాట్లాడినా ఇంటావిడ మళ్ళీ పిలవదు."

"మందులేమైనా మీకు పడవా?" అని అడిగింది నర్సు, సిరంజిలోకి మందు ఎక్కిస్తూ.

"అన్నీ పడతాయి తల్లీ. రాళ్ళు తిన్నా అరుగుతాయి."

నాలుగేళ్ళుగా అదే జవాబు. నాలుగేళ్ళుగా అది నీళ్ళే. ఇవాళ ఇన్‌స్పెక్షన్‌లో చూపించడానికి మందుల షాపు అలమార్లు అసలు మందులతో నింపారు. నర్సు సీసా అక్కణ్ణించే తెచ్చుకుంది. యాంటీబయాటిక్. నరానికే ఎక్కించింది. అట్ట మీద టిక్కు పెట్టి పక్క మంచానికి కదలబోయింది.

ఒక నిమిషం కాకముందే కండక్టర్ మెడ గోక్కున్నాడు.

"దురదగా ఉందేంటి" అన్నాడు. తర్వాత దగ్గాడు. చెల్లి ముందు నవ్వింది, నాటకం మొదలైందనుకుంది. మూడో దగ్గుకి నవ్వు ఆగిపోయింది. ఆయన పెదాలు ఉబ్బుతున్నాయి. మొహం ఎర్రబడి, తర్వాత బూడిదరంగుకి తిరిగింది. ఊపిరి లోపలికి పోవడంలేదు. ఈల వేసినట్టు సన్నటి చప్పుడు మాత్రం వస్తోంది.

చెల్లి దుప్పటి విసిరికొట్టి దిగింది.

"సిస్టర్! ఆయనకి మందు పడలేదు! అడ్రినలిన్! అడ్రినలిన్ ఇవ్వండి!"

నర్సు గిరుక్కున తిరిగింది. చూడగానే ఆమెకి అర్థమైంది. గోడ దగ్గరి ఎమర్జెన్సీ బీరువా వైపు పరిగెత్తింది. అద్దాల తలుపుకి తాళం.

"తాళంచెవి ఎక్కడ?"

"ఏవో గారి దగ్గర" అన్నారెవరో. ఏవో అంటే ఆఫీసు పనులన్నీ చూసే పెద్ద. ఆయన కింద ఇన్‌స్పెక్షన్ వాళ్ళతో ఉన్నాడు.

చెల్లి సెలైన్ స్టాండ్ ఎత్తి అద్దం మీద కొట్టింది. రెండో దెబ్బకి పగిలింది. గాజుముక్కల్లో చెయ్యి పెట్టి డబ్బాలు లాగింది. అడ్రినలిన్ అని రాసిన డబ్బా దొరికింది. తెరిచింది. ఖాళీ. పక్కది తెరిచింది. ఖాళీ. బీరువా నిండా పేర్లు అంటించిన డబ్బాలే. లోపల గాలి.

అక్క కండక్టర్ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి. ఏదో చెప్పాలని చూశాడు. నోరు తెరిస్తే మాటకి బదులు ఆ ఈల ఒక్కటే.

నర్సు కింది అంతస్తుకి పరిగెత్తి ఒక డాక్టర్ని లాక్కొచ్చింది. చర్మం డాక్టరు, పొద్దున విమానంలో దిగినాయన. కోటు విప్పి ఛాతీ మీద నొక్కాడు. చెల్లి ఆయన చెప్పినప్పుడల్లా నోటితో ఊపిరి ఊదింది. ఊదినది లోపలికి పోలేదు. డాక్టర్ చొక్కా తడిసిపోయింది. చివరికి చేతులు తీసేశాడు.

చెల్లి వేళ్ళు కండక్టర్ మెడ మీదే ఉన్నాయి. గోడ గడియారం వైపు చూసింది. పన్నెండు ఇరవైఆరు.

వార్డులో మిగతా యాభైఎనిమిది మందీ పడుకునే ఉన్నారు. తెరల వెనక నుంచి ఎవరూ లేవలేదు. లేవకూడదని చెప్పారు మరి.

* * *

ఏవో, ఇంటావిడ ఒకేసారి వచ్చారు. ఇంటావిడ కండక్టర్‌ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పొద్దున టీ అడిగాడే" అంది. గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

ఏవో మాత్రం ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"రెండో అంతస్తు అయిపోతోంది. పది నిమిషాల్లో ఇక్కడికొస్తారు. ఆ బీరువా బయటికి తోయండి. గాజు ఊడవండి. డాక్టరు గారూ, మీరు కిందికి పదండి. సిస్టర్, నువ్వు డ్యూటీ రూములో ఉండు, తర్వాత మాట్లాడతా." అప్పుడు అక్క వైపు తిరిగాడు. "ఈయన్ని గోడవైపు తిప్పి పడుకోబెట్టండి. నిద్రపోతున్నాడు. అర్థమైందా?"

"చచ్చిపోయాడండీ" అంది చెల్లి.

"ఇంకో గంటాగి చచ్చిపోతాడు. అప్పుడు అన్నీ పద్ధతిగా చేస్తాం." ఆయన గొంతులో కోపం కూడా లేదు. "నువ్వు మా దగ్గరే లాక్ చేశావని ఇంటావిడ చెప్పింది. ఇవాళ ఈ ఇన్‌స్పెక్షన్ పోతే కాలేజీకి అనుమతి పోతుంది. అనుమతి పోతే నీ సీటెక్కడుంటుంది? మూడోసారి కూడా కదూ! ఆలోచించుకో. హాస్టల్లో మంచి గది ఇప్పిస్తా, ఫీజు సంగతి కూడా చూస్తా. నువ్వు చెయ్యాల్సింది జ్వరంతో పడుకోవడమే."

ఆయన వెళ్ళిపోయాడు. చెల్లి అరచేతి నుంచి రక్తం కారుతోంది. గాజు కోసుకుంది.

అక్క లేచింది. కండక్టర్‌ని పక్కకి తిప్పింది. మొహం గోడవైపు. దుప్పటి భుజందాకా లాగింది. కొసలు పరుపు కిందకి మడిచి, ముడత లేకుండా బిగించింది. పదకొండేళ్ళుగా చేతులకి అలవాటైన పని. చేతులు వణకలేదు. అందుకే ఆ చేతులంటే ఆమెకి భయం వేసింది.

"అక్కా, ఏం చేస్తున్నావ్?"

"పడుకో."

"అక్కా!"

"మూడేళ్ళు చదివావు. అమ్మ కళ్ళు కనిపించకపోయినా నీకు రాత్రుళ్ళు పాలు కాచిచ్చింది. పోయినాయన ఎలాగూ పోయాడు. నువ్వు నోరు విప్పితే ఆయన లేచొస్తాడా? పడుకోవే!" చెల్లిని భుజం పట్టి మంచం వైపు నెట్టింది. "నేనే నొక్కాను. నేనే ఇక్కడికి తీసుకొచ్చాను. నీ బతుకు కూడా నా చేతులతోనే తీసెయ్యమంటావా?"

చెల్లి మంచం ఎక్కి పడుకుంది. తెగిన చేతిని దుప్పటి కింద పెట్టుకుంది. తెల్లటి దుప్పటి మీద ఎర్రటి మరక రూపాయంత వచ్చి, మెల్లగా అరచేయంత అయింది.

* * *

ఇన్‌స్పెక్షన్ వాళ్ళు ముగ్గురు. ఇద్దరు కాగితాలు చూసేవాళ్ళు. మంచాలు చూసేది ఒకావిడ. అరవైకి దగ్గరి వయసు, మెడలో కళ్ళద్దాల తాడు, చేతిలో అట్ట. ఒక్కో మంచం దగ్గర ఆగి, "ఏం బాధ?" అని అడిగి, టిక్కు పెట్టి, కదులుతోంది. ఏవో పక్కనే నవ్వుతూ నడుస్తున్నాడు.

కండక్టర్ మంచం దగ్గరికి వచ్చింది.

"నిమ్ము మేడమ్. రాత్రంతా దగ్గి ఇప్పుడే నిద్రపోయాడు" అన్నాడు ఏవో.

ఆవిడ దుప్పటి వంక చూసింది. చక్కగా బిగించిన కొసలు చూసింది. టిక్కు పెట్టింది.

ఆ టిక్కు చప్పుడు అక్కకి వినిపించింది. కాగితం మీద పెన్ను ఎంత చప్పుడు చేస్తుంది! అయినా వినిపించింది. చచ్చిన మనిషిని పేషెంటుగా లెక్కేశారు. ఆ మడత తనదే.

ఆవిడ చెల్లి మంచం ముందుకొచ్చింది. "నీకేం బాధమ్మా?"

చెల్లి అక్క వైపు చూసింది. అక్క తల అడ్డంగా ఊపింది. కనీకనపడకుండా, బతిమాలుతున్నట్టు.

"నాకేం జబ్బు లేదండీ" అంది చెల్లి.

ఏవో వెంటనే నవ్వాడు. "టైఫాయిడ్ మేడమ్. నూటనాలుగు. పొద్దుట్నుంచి పలవరిస్తోంది."

ఆవిడ కేస్ షీటు చూసింది. చెల్లి మొహం చూసింది. పెన్ను కాగితం మీదకి దిగబోయింది.

"నా నుదురు పట్టుకుని చూడండి" అంది చెల్లి లేచి కూర్చుంటూ. "నేను ఈ కాలేజీలో చేరదామని పొద్దునే వచ్చాను. నన్ను మంచం మీద పడుకోబెట్టారు. ఈ వార్డులో పేషెంట్లు ఎవరూ లేరు. పక్క మంచం ఆయనకి నిజం మందు ఎక్కించారు, పడలేదు. బీరువాలో మందు లేదు. ఆయన పోయి అరగంటయింది. మీరిప్పుడే టిక్కు పెట్టారు."

ఆవిడ పెన్ను కాగితం మీంచి లేచింది.

"మేడమ్, ఇది జ్వరంలో..." అంటూ ఏవో ముందుకొచ్చాడు. అక్క లేచి ఆయనకి అడ్డం నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. కాళ్ళు లేచాయి, అంతే.

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. కండక్టర్ మణికట్టు పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. తర్వాత మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. కళ్ళద్దాలు తీసి, అట్ట మంచం మీద పెట్టేసింది.

కిర్రుమని ఒక మంచం చప్పుడైంది. ఎదురు వరసలో కామెర్ల రోగి కాళ్ళు కిందపెట్టాడు. సెలైన్ సూదికి అంటించిన ప్లాస్టర్ పీకేశాడు. దాని కింద సూది లేదు. ఆ పక్కన పక్షవాతం మనిషి లేచాడు. తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు. తర్వాత ఎంతమందో అక్క చూడలేదు. అరవై మంచాల వార్డులో మంచాల కిర్రుకిర్రు తప్ప ఇంకే చప్పుడూ లేదు. గౌనులతోనే వచ్చి కండక్టర్ మంచం చుట్టూ నిలబడ్డారు. ఎవరో ఆయన్ని వెల్లకిలా తిప్పారు.

"మా బస్సు కండక్టరండీ" అన్నాడు కామెర్ల రోగి, ఆవిడతో. మళ్ళీ అదే అన్నాడు. "మా కండక్టరు."

ఇంటావిడ గోడ వారనే కూలబడి ఏడ్చింది. ఏవో ఫోన్ చెవికి పెట్టుకుని మెట్ల వైపు నడిచాడు. ఎవరూ ఆపలేదు.

* * *

నర్సుల బల్ల దగ్గర కూర్చుని ఆవిడే స్వయంగా వాంగ్మూలం రాసుకుంది. ముందు అక్కది రాసింది.

"ఆయన్ని గోడవైపు తిప్పి దుప్పటి కప్పింది ఎవరు?"

"నేనేనండీ" అంది అక్క. "ఎవరూ బలవంతపెట్టలేదు. చెప్పారు, చేశాను."

"అలాగే రాయమంటావా? దీనివల్ల నీకు ఇబ్బంది రావచ్చు."

"అలాగే రాయండి."

తర్వాత చెల్లిని కూర్చోబెట్టింది. ఎవరో చేతికి గుడ్డ చుట్టారు. ఆసుపత్రి దుప్పటి చింపిన గుడ్డే. రక్తం దాన్నీ దాటి వస్తోంది.

"చనిపోయిన టైం ఎవరు చూశారు?"

"నేను. పన్నెండు ఇరవైఆరు. అప్పటిదాకా నాడి చాలా సన్నగా తగిలింది. తర్వాత తగల్లేదు."

ఆవిడ రాసుకుంది. పెన్ను ఆపి తలెత్తింది. "ఇక్కడ లాక్ చేశానన్నావు. మార్చుకునే వీలుందా?"

"లేదండీ."

"ఇంకోసారి పరీక్ష?"

"ఇదే ఆఖరు."

ఈ కాలేజీకి ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. అది పైకి చెప్పి ఓదార్చడానికి ఆవిడ దగ్గర అధికారం లేదు, మాటా లేదు. అక్క గోడ గడియారం చూసింది. ఒంటిగంటా నలభైఐదు. వెబ్‌సైట్ ఇంకా పావుగంట తెరిచే ఉంటుంది. ఎవరెవరి పిల్లలో ఏ ఊళ్ళోనో కాలేజీ పేరు మీద వేలు పెట్టి ఆలోచిస్తూ ఉంటారు.

ఆవిడ కాగితం చెల్లి ముందుకి జరిపింది. "చదువుకుని సంతకం పెట్టు. కింద ఆ రెండు గడులు కూడా నింపు."

చెల్లి మొదటినుంచి చివరిదాకా ఒక్కో మాటా చదివింది. కుడిచేతికి కట్టుంది కాబట్టి ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం చేసింది. మొదటి గడిలో 'వృత్తి' అని ఉంది. దాన్ని ఖాళీగా వదిలేసింది. రెండో గడిలో 'మృతుడితో సంబంధం' అని ఉంది.

అక్కడ నిదానంగా రాసింది.

పక్క మంచం.